ఏడో మెట్ట నుంచి కాన్పు సంచి

ఆగస్టు 4, సోమవారం

మంచినీళ్ళు పదకొండు వందల లీటర్లు. గాలి మామూలు. రెండో పంపుకి వాషరు మార్చాను.

విశేషాలు: ఈ గడి ఖాళీగా వదలకూడదని నిబంధన. ఏడో మెట్ట మీద విశేషాలు ఉండవు కాబట్టి నాలుగేళ్ళుగా "విశేషాలు లేవు" అని రాస్తూ వచ్చాను. ఈ వారం ఒకటి దొరికింది. నాకు ఆరో నెల. సంచి సర్దుకోమని ఆసుపత్రి వాళ్ళు జాబితా పంపారు.

పై ఆఫీసులో, పని లెక్కలు రాసే ఈ లాగు పుస్తకం చదివేవారు కొత్తవారైతే తెలియడం కోసం రాస్తున్నాను. మెట్ట అని పేరే గానీ ఇది గాలిమరల కింద సముద్రం మీద తేలే ఇనప వేదిక. గట్టు ఇక్కడికి నలభై కిలోమీటర్లు. మేం తొమ్మిదిమందిమి ఉంటాం. నా పేరు సూర్యకళ, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే యంత్రం నాది. మా ఆయన గౌరునాయుడు మరలెక్కి రెక్కలు బాగుచేస్తాడు. మా అత్త పైడమ్మ అందరికీ వండుతుంది.

అక్టోబరు ఒకటి నుంచి డిసెంబరు పదిహేను దాకా తుఫాన్ల కాలం. పడవలు కట్టేస్తారు. నాకు నెలలు నిండేది నవంబరు పన్నెండున. కాబట్టి పల్లకీలో వెళ్ళాలి. పల్లకీ అంటే నాలుగు రెక్కలున్న పెట్టె. నడిపే మనిషి ఉండడు. ఒక్కరే కూర్చోవాలి. మనిషి, సంచి కలిపి ఎనభై కిలోలు దాటితే అది లేవదు.

ఈ రోజు నా బరువు అరవై ఆరు. సంచికి పద్నాలుగు కిలోలు మిగిలాయి. జాబితాలోని ఇరవై మూడు తప్పనిసరి వస్తువులూ కలిపితే ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. బోలెడంత చోటుంది. ఇంత తేలిగ్గా ఉంటుందని అనుకోలేదు.


ఆగస్టు 11, సోమవారం

నీళ్ళు, గాలి పోయిన వారం లాగానే.

జాబితా చూసుకునే యంత్రాన్ని అన్ని మెట్టల మీదా చిట్టమ్మ అంటారు. చిట్టా చదువుతుంది, అమ్మలతో మాట్లాడుతుంది, అందుకని. గొంతు చాలా మర్యాదగా ఉంటుంది. వంటగదిలో గోడకున్న పెట్టెలోంచి మాట్లాడుతుంది. వారానికోసారి నా బరువు అడిగి, సంచిలో ఎంత పట్టవచ్చో చెబుతుంది.

"తొమ్మిదో వస్తువు, రెండు లీటర్ల నీళ్ళ సీసా," అంది చిట్టమ్మ.

"ఖాళీ సీసా తీసుకురావచ్చా? ఆసుపత్రిలో నీళ్ళుంటాయి కదా," అన్నాను.

"నిండుగా ఉండాలి."

రోజూ పదకొండు వందల లీటర్లు తయారుచేసే మనిషిని. రెండు లీటర్లు మోసుకుపోవడానికి అభ్యంతరం చెప్పడం బాగుండదని ఊరుకున్నాను.

"పద్నాలుగో వస్తువు, తోడు వచ్చేవారి చెప్పులు. ఒక జత."

"తోడు ఎవరినీ రానివ్వరు కదండీ. పల్లకీలో ఒక్కరికే చోటు."

"అవును. తోడు వచ్చేవారికి అనుమతి లేదు. చెప్పులు తప్పనిసరి."

అత్త పొయ్యి దగ్గర్నుంచి తిరిగి చూసింది. "అంటే నన్ను రానివ్వరు గానీ, నా జోళ్ళు మాత్రం రావాలేటి?"

"అవునండి," అంది చిట్టమ్మ.

అత్త ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. తొమ్మిదిమందిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు.


ఆగస్టు 25, సోమవారం

బరువు అరవై ఏడు.

సంచిలో చోటుందని అందరికీ తెలిసింది. అదే తప్పయింది.

అత్త కాయం ముద్ద పెట్టింది. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం దంచి నేతిలో కలిపినది. నాలుగు వందల గ్రాములు. "కాన్పయిన మూడోనాటి నించి ఉసిరికాయంత తినాల. ఎవులు సెప్పినా మానీకు," అంది. దాంతోపాటు ఇత్తడి ఉగ్గుగిన్నె ఒకటి, గౌరుకి పాలు పట్టినది. దాని ముక్కు కొంచెం సొట్టపోయి ఉంది. చిన్నప్పుడు గౌరు దాన్ని నేలకేసి కొట్టేవాడట.

గౌరు రేడియో పెట్టాడు. ఆరు వందల నలభై గ్రాములు. గట్టు మీద నుంచి మెట్టకి మాట్లాడొచ్చు. "పుట్టగానే ఏడుపు వినిపించు. ఇంకేం అక్కర్లేదు," అన్నాడు. మరల మీద పనిచేసేవాళ్ళు ఎక్కువ మాట్లాడరు. పైన గాలికి మాటలు వినపడవు కాబట్టి ఆ అలవాటు పోతుంది. అంత పొడుగు మాట నేను పెళ్ళయ్యాక మూడోసారి విన్నాను.

నేను నా కోసం ఏమీ పెట్టుకోలేదు. తర్వాత ఒక దిండు పెట్టుకున్నాను.


సెప్టెంబరు 15, సోమవారం

బరువు అరవై తొమ్మిది. మూడో పంపులో పీచు ఇరుక్కుంది, తీశాను.

నెలకోసారి, పదిహేనో తారీఖున, ఆసుపత్రి డాక్టరు రేడియోలో మాట్లాడుతుంది. మెట్టలన్నిటికీ కలిపి ఆమెకి ఒక గంట. నాకు నాలుగు నిమిషాలొచ్చాయి.

"బిడ్డ కదులుతోందా?"

"కదులుతోందండి."

"ఇంకేమైనా ఇబ్బంది?"

"సంచి బరువండి."

"అది చిట్టమ్మ చూసుకుంటుంది. అన్నీ బాగున్నాయి," అని పెట్టేసింది. ఆమెని అనడానికేమీ లేదు. అన్నీ బాగానే ఉన్నాయి.

లెక్క ప్రకారం వారానికి అరకిలో చొప్పున పెరిగితే నవంబరు నాటికి డెబ్బై మూడుకి చేరాలి. సంచికి ఏడు కిలోలు మిగలాలి. తప్పనిసరి వస్తువులు పోగా రెండు వందల గ్రాములు. దిండు తీసేశాను. అది ఎటూ గట్టిగా ఉంది.


సెప్టెంబరు 29, సోమవారం

బరువు డెబ్బై ఒకటీ ఆరు వందలు. తప్పు తూచానేమోనని మూడుసార్లు ఎక్కాను. తూనికయంత్రం మీద ముప్పై కిలోల ఉప్పు బస్తా పెట్టి చూశాను. సరిగ్గా ముప్పై చూపించింది.

రేపు ఆఖరి పడవ. పొద్దున్న అత్త నా మంచం పక్కన కూర్చుంది.

"ఒలే పిల్లా, రేపటి పడవలో ఎలిపోదాం. ఇద్దరం. గట్టు మీద ఎక్కడో ఓ గది సూసుకుందాం. ఈ ఎగిరే పెట్టెలూ, ఈ తూకాలూ నాకు మనసొప్పట్లేదు."

"ఆసుపత్రిలో నెల ముందు పడక ఇవ్వరత్తా. గట్టు మీద మనకెవరున్నారు? నీళ్ళ యంత్రం ఎవరు చూస్తారు? వంటెవరు చేస్తారు?"

"అందరికీ సేతులున్నాయి. వండుకుంటారు."

"నా బదులు మనిషిని పంపమని ఆఫీసుకి రాశాను. నవంబరులో వస్తుందన్నారు. అప్పటిదాకా యంత్రం ఆగితే మిగతా ఏడుగురూ ఏం తాగుతారు?"

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. బుగ్గ మీద చెయ్యి వేసి, "మొకం నిండుగా అయింది," అంది. మెచ్చుకోలు అనుకున్నాను.

పడవ వెళ్ళిపోతుంటే చూడటం నాకు ఇష్టం ఉండదు. ఈసారి చూశాను. (ఈ వాక్యం మర్నాడు చేర్చాను. నిబంధనలకు విరుద్ధమైతే కొట్టేయగలరు.)


అక్టోబరు 6, సోమవారం

బరువు డెబ్బై మూడూ ఏడు వందలు. నవంబరు పన్నెండుకి ఉండాల్సిన బరువు దాటేశాను. ఇంకా అయిదు వారాలుంది.

రేడియో తీసేశాను.  గౌరు దాన్ని తీసుకుని, గుడ్డతో తుడిచి, అల్మారాలో పెట్టాడు. తర్వాత సంచిలోని దువ్వెన తీసి పిడి కోసేశాడు. పదకొండు గ్రాములు. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి కూడా కోశాడు. ఆరు గ్రాములు. సంచి జిప్పులకున్న ఇనప తోకలు పీకి దారం ముడివేశాడు. రెండు రోజులుగా పని అయ్యాక వచ్చి, సంచి ముందు కూర్చుని, ఏం కోద్దామా అని చూస్తున్నాడు. ఉగ్గుగిన్నె చేతిలోకి తీసుకుని ఆకురాయి కోసం చూస్తుంటే అత్త లాక్కుంది.

నేను అన్నం సగానికి తగ్గించాను. సాయంత్రం తినడం మానేశాను. బరువు మాత్రం తగ్గలేదు. తినకుండా ఎలా పెరుగుతున్నానో తెలియడం లేదు.

చిట్టమ్మని అడిగాను. "ఏదైనా వస్తువు మినహాయించవచ్చా?"

"మినహాయింపు లేదు. మీ బరువు తగ్గించుకోవచ్చు."

"లోపల బిడ్డ ఉందండి."

"అది నమోదై ఉంది," అంది చిట్టమ్మ.


అక్టోబరు 13, సోమవారం

మంచినీళ్ళు తొమ్మిది వందల యాభై లీటర్లు. తక్కువైంది యంత్రం వల్ల కాదు, నా వల్ల. మెట్లు ఎక్కలేక ఒక పంపు ఆలస్యంగా వేశాను.

బరువు డెబ్బై ఆరూ నాలుగు వందలు. సంచికి మిగిలింది మూడు కిలోల ఆరు వందలు. తప్పనిసరి వస్తువులు ఆరు కిలోల ఏడు వందల ఎనభై మూడు. (గౌరు కోసిన పదిహేడు గ్రాములు పోగా.)

రెండు రోజులుగా తల నొప్పి. నీళ్ళ మీద ఎండ ఎక్కువగా ఉన్నట్టుంది, కళ్ళ ముందు మినుకుమినుకుమని చుక్కలు కనిపిస్తున్నాయి. లాగు రాస్తున్నప్పుడు కూడా కాగితం మీద కనిపిస్తున్నాయి. గది లోపల ఎండ లేదు. అది కూడా రాసి పెడుతున్నాను.


అక్టోబరు 19, ఆదివారం

ఇది లాగు పుస్తకం కాదు. ఆసుపత్రి కాగితాల వెనకవైపు. పుస్తకం మెట్ట మీదే ఉండిపోయింది. వెళ్ళాక అందులో అతికిస్తాను. పద్నాలుగో తారీఖు మంగళవారం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్న ఏడింటికి చెప్పుల్లో కాళ్ళు పట్టలేదు. వంటగదిలో బల్ల మీద కూర్చుని గౌరు చెప్పులు తెమ్మని పిలిచాను. అత్త వచ్చి కింద కూర్చుంది.

"కాలు ఇటియ్యి."

బొటనవేలితో నా కాలి మీద నొక్కి తీసింది. చిన్న గుంట పడింది. పూడుతుందని ఇద్దరం చూశాం. పూడలేదు.

"ఇది తిండి ఒళ్ళు కాదే తల్లీ. నీరు," అంది అత్త. "ఇన్నాళ్ళూ సంచిని కోసుకుంటూ కూకున్నాం గానీ, నీ కాలు సూసినోళ్ళం కాదు."

గౌరుని కేకేసింది. మరలెక్కేవాళ్ళకి ఎక్కే ముందు రక్తపోటు చూస్తారు. ఆ యంత్రం వాళ్ళ గదిలో ఉంటుంది. నాలుగేళ్ళుగా నేను రోజూ ఆ గది ముందు నుంచి నడుస్తున్నాను. నాకూ ఒక చెయ్యి ఉందనీ, దానికీ అది కట్టుకోవచ్చనీ నాకెప్పుడూ తట్టలేదు.

గౌరు కట్టాడు. నూట డెబ్బై, కింద నూట పన్నెండు. మళ్ళీ కట్టాడు. నూట డెబ్బై రెండు.

"నూట యాభై దాటితే నన్ను నిచ్చెన ముట్టుకోనివ్వరు," అన్నాడు.  "కళా, ఏమైనా కనిపిస్తందా నీకు? మెరుపుల్లాంటివి?"

"మూడు రోజుల్నుంచి."

"సెప్పలేదేం?"

"ఎండ అనుకున్నాను."

ఆసుపత్రికి రేడియో కలిసింది. ఎత్తింది ఒక నర్సు. అంకె వినగానే, "వెంటనే పంపండి, డాక్టరు గారిని లేపుతాను... కాదు, ఇక్కడే ఉన్నారు, చెబుతాను, మీరు పంపండి," అంది. ఆమె తడబడటం విని నాకు మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా వేయలేదు. వేయాల్సింది.

పల్లకీని పిలవాలంటే చిట్టమ్మని అడగాలి.

"అత్యవసరమా?" అంది చిట్టమ్మ.

"అవును."

"అత్యవసరాలకి తగ్గించిన జాబితా ఉంది. తొమ్మిది వస్తువులు. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. ఈ పూట గాలి ఎక్కువగా ఉంది. గాలి ఉన్నప్పుడు పల్లకీ ఎత్తే బరువు డెబ్బై అయిదు కిలోలు."

నేను తూనిక ఎక్కాను. డెబ్బై ఏడూ వంద. సంచి లేకుండానే రెండు కిలోలు ఎక్కువ.

"సంచి సంపూర్ణమైతేనే పల్లకీ తలుపు తెరుచుకుంటుంది. బరువు సరిపోతేనే పల్లకీ లేస్తుంది," అంది చిట్టమ్మ. రెండూ అంతే మర్యాదగా చెప్పింది.

గౌరు గోడని గుద్దాడు. ఇనప గోడ. చెయ్యి వాచింది. అత్త అతన్ని పక్కకి నెట్టి పెట్టె ముందు నిలబడింది. చిట్టమ్మతో ఆమె మాట్లాడటం అది రెండోసారి.

"అమ్మా, ఓ మాట అడుగుతాను, సెప్పు. సంచి, మనిషి కలిసే రావాలని నీ సిట్టాలో ఉందేటి?"

చిట్టమ్మ కాసేపు ఆగింది. అది ఆగడం నేనెప్పుడూ వినలేదు.

"అలా లేదు. సంచి ప్రయాణంలో ఉన్నట్టు నమోదైతే చాలు."

మంగళవారం ఎనిమిదింటికి తపాలా గద్ద వస్తుంది. అదీ ఎగిరే యంత్రమే, చిన్నది, అయిదు కిలోల దాకా మూటలు మోస్తుంది. అత్త పదిహేను నిమిషాల్లో తొమ్మిది వస్తువులూ సంచిలో కుక్కింది. ఆ తొమ్మిదిలో కూడా తోడు వచ్చేవారి చెప్పులున్నాయి. కాళ్ళకున్నవి విప్పి అందులో పడేసింది. గద్ద సంచిని తగిలించుకుని పోయింది.

"మీ సంచి సంపూర్ణం. శుభాకాంక్షలు," అంది చిట్టమ్మ.

ఎనిమిదీ నలభైకి పల్లకీ దిగింది. తలుపు తెరుచుకుంది. గౌరు రెంచీ పట్టుకుని లోపలికి దూరాడు. పల్లకీ తన మొత్తం బరువుని కాళ్ళ దగ్గర తూచుకుంటుంది. లోపల ఏం తగ్గినా దానికి ఒకటే. నాలుగు నట్లు విప్పి కుర్చీని పీకి, బయట పెట్టాడు. మూడు కిలోల ఆరు వందలు. ప్రభుత్వ ఆస్తి అని కుర్చీ వెనక రాసి ఉంది. అత్త తన చీర ఒకటి మడిచి లోపల నేల మీద పరిచింది.

నేను ఎక్కి కూర్చున్నాను. గౌరు బెల్టుని గోడ కొక్కేలకి కట్టి, మరలెక్కేవాళ్ళు కట్టుకునే ముడి వేశాడు. ఒకటికి రెండుసార్లు లాగి చూశాడు.

"ఈ ముడి ఊడదు. పద్నాలుగేళ్ళుగా దీని మీదే ఏలాడతన్నాను," అన్నాడు.

అత్త నా తల మీద చెయ్యి పెట్టింది. ఏదో అనబోయింది. తలుపు మూసుకుంది.

ఇరవై రెండు నిమిషాల ప్రయాణం. కింద నీళ్ళు, పైన మబ్బు, మధ్యలో నేను, నేల మీద కూర్చుని. గాలికి పల్లకీ ఒక పక్కకి ఒరిగినప్పుడల్లా కడుపు రెండు చేతులతో పట్టుకున్నాను. చుక్కలు బాగా ఎక్కువయ్యాయి. లోపల బిడ్డ కదలడం లేదనిపించింది. లేక పల్లకీ ఊగడంలో నాకు తెలియడం లేదేమో. గట్టిగా మాట్లాడాను. "ఇదిగో, నేనే. ఇంకో పది నిమిషాలే," అన్నాను. ఇన్ని నెలల్లో దానితో నేను మాట్లాడిన మొదటి మాట అదే అనుకుంటాను. సంచి గురించి తప్ప నేను ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు.

పక్కటెముకల కింద ఒక తన్ను తన్నింది.

"మీ ప్రయాణం ఎలా ఉంది? ఒకటి నుంచి అయిదు వరకు అంకె చెప్పండి," అంది పల్లకీలోని గొంతు.

మూడు అని చెప్పినట్టు గుర్తు. ఆ తర్వాత గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి బుధవారం మధ్యాహ్నం. పొట్ట మీద కుట్లు. మోహిని అనే నర్సు, రేడియోలో తడబడినావిడే, పక్కన నిలబడి ఉంది.

"పాప. రెండు కిలోల ఎనభై గ్రాములు. వెచ్చటి పెట్టెలో ఉంది. ఏడ్చింది," అంది. తర్వాత, "పల్లకీలోంచి దించుతుండగా మీకు ఫిట్సు వచ్చాయి. ఇంకో గంట ఆగి ఉంటే..." అని, మిగతాది చెప్పకుండా సెలైను సీసా సరిచేసింది.

మెట్టకి కబురు వాళ్ళే చెప్పారట. గౌరు ఏమన్నాడని అడిగాను. "ఏమీ అనలేదండీ. ఇంకో ఆవిడ ఏడవడం వినిపించింది," అంది మోహిని.


అక్టోబరు 24, శుక్రవారం

సంచి ఈ రోజు వచ్చింది. గద్ద దాన్ని ముందు మరో ఆసుపత్రికి తీసుకెళ్ళిందట. అక్కడ నా పేరుతో ఎవరూ లేకపోయేసరికి వారం పైగా ఆరా తీశారు.

ఈ పది రోజులూ నాకు ఏ లోటూ జరగలేదు. మొదటి రోజే మోహిని వార్డు చివర పెద్ద బీరువా తెరిచి, కావలసినవన్నీ ఇచ్చింది. పొత్తిగుడ్డలు, దువ్వెన, సబ్బు. బీరువా కింది అరలు మూడు చెప్పులతో నిండి ఉన్నాయి.

"ఇవేమిటి?"

"ఏమోనండీ. మెట్టల నుంచి వచ్చే ప్రతి అమ్మా ఒక జత తెచ్చి వదిలేసి వెళ్తుంది. మీ దగ్గర ఏదైనా ఆచారమా?"

"జాబితాలో ఉందండి. పద్నాలుగో వస్తువు."

"ఏ జాబితా?" అంది మోహిని.

డాక్టరుని అడిగాను. ఆమె కూడా చూడలేదు. ఆసుపత్రి పాత కట్టడంలో ఉన్నప్పుడు ఎవరో తయారుచేశారట. ఇప్పుడు దాన్ని ఎవరు మార్చాలో ఎవరికీ తెలియదు. ఆమె నా బరువుల చిట్టా తెప్పించి చూసింది. చిట్టమ్మ ప్రతి సోమవారం రాసి పెట్టుకున్నదే. సెప్టెంబరు ఇరవై తొమ్మిది దగ్గర వేలు పెట్టింది.

"ఇది నా దగ్గరకి వచ్చి ఉండాల్సింది," అంది. "అన్నీ బాగున్నాయన్నాను కదా నేను."

"అప్పుడు బాగానే ఉన్నాయండి," అన్నాను. అది నిజం.

పాపని ఈ రోజు మొదటిసారి పెట్టెలోంచి తీసి నా మీద పడుకోబెట్టారు. గౌరు పోలికే. నుదురు ముడివేసి, ఎక్కడ ఏం కోద్దామా అన్నట్టు చూస్తోంది. నేను ఏడ్చాను. ఎంతసేపో రాసిపెట్టలేదు.


నవంబరు 10, సోమవారం

పోయిన నెలాఖర్లో చిట్టమ్మకి సూచన పంపాను. బరువు గబగబా పెరిగే అమ్మలకి రక్తపోటు చూడాలి, ఆ అంకె డాక్టరుకి చేరాలి అని. మూడు రోజుల తర్వాత కొత్త జాబితా వచ్చింది. ఇరవై నాలుగో వస్తువుగా రక్తపోటు యంత్రం చేర్చారు. తప్పనిసరి. ఏడు వందల గ్రాములు. సంచిలో పెట్టుకుని తీసుకురావాలి.

డాక్టరు అది చదివి నవ్వింది. తర్వాత కోపం వచ్చింది. మోహినిని పిలిచి, పన్నెండు మెట్టల లాగు రాసేవాళ్ళకీ రేడియోలో ఒకటే మాట చెప్పించింది. కడుపుతో ఉన్న ప్రతి మనిషీ సోమవారం సోమవారం మరలెక్కేవాళ్ళ గదికి వెళ్ళి చెయ్యి ఇవ్వాలి. వచ్చిన అంకె లాగులో విశేషాల గడిలో రాయాలి. రాసింది ఆ సాయంత్రమే తనకి చదివి వినిపించాలి.

మొదటి సోమవారమే నాలుగో మెట్ట మీద ఒకామెకి నూట అరవై వచ్చింది. ఏడో నెల. మర్నాడే, సంచిని గద్దకి తగిలించి, ఆమెని పల్లకీలో దించారు. రెండు పడకల అవతల ఉంది. బిడ్డ ఇంకా కడుపులోనే క్షేమంగా ఉంది. ఆమె నాతో తన సంచి ఎక్కడుందని అడిగింది. చింతించవద్దని చెప్పి, బీరువా చూపించాను.

తిరుగు ప్రయాణం సంగతి అడిగాను. పల్లకీలో ఒక్కరికే చోటు. ఇప్పుడు మేం ఇద్దరం. డిసెంబరులో పడవలు మొదలయ్యేదాకా ఇక్కడే ఉండమన్నారు.


డిసెంబరు 16, మంగళవారం

ఈ రోజు మొదటి పడవ వచ్చింది.

పాపని ఎత్తుకుని రేవుకి వెళ్ళాను. అరవై నాలుగు రోజుల పిల్ల. ఈ అరవై నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా గంటకి మించి నిద్రపోలేదు. వార్డులో ప్రతివాళ్ళూ ఎత్తుకుని చూశారు. డాక్టరు చెవులు చూసింది, పొట్ట చూసింది, ఏమీ లేదంది. రేవులో కూడా ఏడుస్తూనే ఉంది.

ముందు గౌరు దిగాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. మమ్మల్ని చూసి కాదు. నేల కదలకపోవడం వల్ల. అతని వెనక అత్త దిగింది. పదకొండేళ్ళ తర్వాత గట్టు మీద కాలు పెట్టడం. మూడో అడుగుకి తూలింది. గౌరు పట్టుకోబోతే విదిలించుకుని, ఉన్నచోటే మట్టిలో చతికిలబడింది.

"నిలబడనేకపోతన్నాను. గుంటని ఇలాగియ్యి," అంది.

వంగి పాపని ఆమె ఒడిలో పెట్టాను. అత్త దాని వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. కాళ్ళు పట్టుకుని చూసింది. బొటనవేలితో మెల్లిగా నొక్కి, వదిలి, చూసింది. 

పాప ఏడుపు తగ్గింది. తర్వాత ఆగింది.

అప్పుడు గమనించాను. గొలుసులకి కట్టిన మెట్ట ఎప్పుడూ కొద్దికొద్దిగా ఒరుగుతూ, తిరిగి లేస్తూ ఉంటుంది. దాని మీద బతికేవాళ్ళకి అది తెలియదు. అత్త నడుము దగ్గర్నుంచి అలాగే, అదే లెక్కలో, ఇటు ఒరిగి అటు లేస్తోంది. ఎనిమిది నెలలు కడుపులో ఉన్నప్పుడు పాపకి తెలిసిన ఊపు అదొక్కటే. ఇక్కడ మేం దాన్ని ఎన్ని రకాలుగా ఊపినా, ఆ ఊపు ఎవరికీ రాలేదు. రెండు నెలల్లో నాక్కూడా పోయింది.

"అత్తా, ఊగుతున్నావు," అన్నాను.

"నానా? నానేటీ ఊగట్లేదు. ఈ నేలే ఊగతంది," అంది అత్త.

పాప నోరు తెరుచుకుని నిద్రపోయింది. గౌరు వచ్చి తల్లి పక్కన మట్టిలో కూర్చున్నాడు. నేను రెండో పక్క కూర్చున్నాను. అతను ఒక వేలు చాచి పాప చెవిని తాకి, వెనక్కి తీసుకున్నాడు. తిరిగి బయలుదేరే వేళయిందని పడవవాడు రెండుసార్లు కేకేశాడు.

మేం ఎవరం లేవలేదు.